తొంభై ఆరులో ఆగిన మిల్లు

ఆదోని నుంచి ఎమ్మిగనూరు వచ్చే దావలో, రెండూర్లకూ నడిమధ్యన ఒక పత్తి మిల్లు ఉంది. ఉంది అంటే గోడలున్నాయి, గేటు సగం ఉంది. పైన రేకులు ఎవరో ఎప్పుడో ఎత్తుకుపోయినారు. తొంభై ఆరులో మూతబడింది. దాని తర్వాత కొన్నేండ్లకు చెడ్డపేరు మొదలైంది.

పొద్దు మునిగినాక ఆ గేటు ముందర పోయేవాళ్ళను ఎవరో అడుగుతారంట — "టైమెంతప్పా?" అని.

అంతే. గొంతు పట్టుకోరు, రక్తం తాగరు. టైము అడుగుతారు. చెప్పినావా... వాళ్ళ టైములోకి నువ్వు పోతావు.

హొళగుంద లారీ డ్రైవరు ఒకడు "పదకొండున్నర" అని చెప్పి ముందుకు పోయినాడంట. ఇంటికి పోయి తలుపు కొడితే వాళ్ళ నాయన వచ్చి తీసినాడంట. ఆ నాయన చచ్చి పదేండ్లు! ఇది నేను చూసింది కాదు, విన్నది. ఎవరినడిగినా "ఆ డ్రైవరు మా చిన్నమ్మ ఊరోడే" అంటారు. ఆ చిన్నమ్మలందరిదీ ఒకే ఊరు మాత్రం కాదు.

నేను ఇట్లాంటివి నమ్మను. నమ్మనని మా వీధి మొత్తానికీ చెప్పి పెట్టుకున్నాను. "దెయ్యాలుంటే నా కాడికి పంపండి, రెండు గజాలు నేయిస్తా" అనేవాన్ని. కత మొదలుపెట్టే ముందు నేనెట్లాంటి మొనగాన్నో మీకు తెలియాల గదా, అందుకని చెప్తాండాను.

నా పేరు శంకరప్ప. ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాను. నలభై ఆరేండ్లు. చేతులకు పని, కాళ్ళకు పని, చెవులకు మాత్రం పని లేదు. అందుకని సెల్లులో కతలు వింటాను. నాకిష్టమైంది ఒకటే రకం. హీరో కాలంలో వెనక్కి పోతాడు, హత్య జరగకముందే అడ్డం పడతాడు. నూటికి పైగా విన్నాను. "ఆ వినేదేదో పొదుపుగా జీవించడం గురించి వినరాదా" అంటుంది మా ఇంటామె పద్మమ్మ.

మాకు మగ్గానికి నూలు కండెలు చుట్టేదానికి ఏసమ్మ అని వస్తుంది. అరవై ఏండ్లుంటాయి. ఆమె మొగుడు యేసేపు ఆ మిల్లులోనే మేస్త్రీ. తొంభై ఆరులో ఒక కూలి పిల్ల చెయ్యి మిషన్లో పడి నలిగిపోయింది. మిల్లు వాళ్ళు బయటికి పొక్కనీకుండా చూసినారు. యేసేపు ఒప్పుకోలేదు. "తెల్లారి పోయి స్టేషన్లో చెప్తా" అన్నాడు. ఆ రాత్రి డ్యూటీకి పోయినోడు మళ్ళీ రాలేదు. ఎవరో ఆడమనిషితో బొంబాయికి పారిపోయినాడని మిల్లు వాళ్ళు చెప్పినారు. ఊరు నమ్మింది. ఏసమ్మా నమ్మింది. ఐదేండ్ల బిడ్డ అంజలిని చంకనేసుకొని నిలబడి బతికింది. ఇప్పుడా అంజలి అంగన్‌వాడీ టీచరు.

సరే, నా సంగతికి వస్తా.

మొన్న శ్రావణానికి ముందు, ఆదోనిలో ఒక పెండ్లివాళ్ళకు చీరలిచ్చి మోపెడ్ మీద తిరిగి వస్తాండాను. "రాత్రయింది, ఈడే పడుకో శంకరప్పా" అన్నారు వాళ్ళు. "నాకేం భయం?" అన్నాను. పెట్రోలు చూసుకోమన్నారు. "ఇంకా రిజర్వు కూడా పడలేదు" అన్నాను. రిజర్వు పడి రెండు దినాలైందని నాకు తర్వాత తెలిసింది.

దావ పొడుగునా చెవుల్లో కత. హీరో సరిగ్గా హంతకుని ఇంటి తలుపు తోస్తాండాడు... సెల్లు చచ్చిపోయింది. ఇంకో రెండు మైళ్ళకు బండి కూడా చచ్చిపోయింది.

తలెత్తి చూస్తే — సగం గేటు.

గాలికి ఎక్కడో కరెంటు పోయినట్టుంది. రోజూ ఎర్రగా మినుకుమనే సెల్లు టవరు లైటు లేదు. దూరంగా ఊర్ల దీపాల్లేవు. ఒక లారీ లేదు, ఒక ఆటో లేదు. ఎటు చూసినా నల్లగా చేన్లు.

బండి తోసుకుంటా గేటు దాటిపోదామనుకున్నాను. నాలుగడుగులు పడినాయి...

"టైమెంతప్పా?"

నా కాళ్ళు నిలబడిపోయినాయి. నేను నిలబడమనలేదు.

గేటు పక్కన చిన్న వెలుతురు. లాంతరు. దాని వెనకాల ఖాకీ కోటు, కట్టె, తెల్లగా మాసిన గడ్డం.

"నిన్నేనప్పా. టైమెంత?"

చెప్పకూడదు. చెప్పకూడదు... "నా... నా దగ్గర గడియారం లేదప్పా" అన్నాను. చేతికి గడియారం ఉంది. ఇంకో చేత్తో దాన్ని మూసుకున్నాను.

"ఇంకా మిల్లు కూత కుయ్యలేదే. రెండో షిఫ్టోళ్ళు దిగలేదు" అన్నాడు ముసలాయన. లాంతరు నా మొగం కాడికి ఎత్తినాడు. "కొత్తగా చేరినావా? ఎవరు నువ్వు?"

"శంకరప్ప... ఎమ్మిగనూరు."

పేరు చెప్పకూడదని అప్పుడు గుర్తుకొచ్చింది. టైము కాపాడుకున్నాను, పేరు ఇచ్చేసినాను. నాలాంటోడు కాలంలో వెనక్కి పోతే ఇంతే.

మెల్లగా అడిగినాను. "ఇప్పుడు ఏ సంవత్సరమప్పా?"

ముసలాయన నన్ను పైనుంచి కిందికి చూసినాడు. "తాగినావా? తొంభై ఆరు గదా!"

మీరు నవ్వుతారని తెలుసు. ఆ చీకట్లో నిలబడి ఉంటే మీరు నవ్వరు. కరెంటు లేదు, టవరు లేదు, ఎదురుగా లాంతరు, ఖాకీ కోటు. నా బుర్రలో నూరు కతలు. నేను నమ్మేసినాను. నేను తొంభై ఆరులో ఉండాను!

తొంభై ఆరంటే నాకు పద్దెనిమిదేండ్లు. నడుము నొప్పి లేదు. పెండ్లి కాలేదు. ఒక్క నిమిషం, ఒక్కటంటే ఒక్కటే, సంతోషమైంది. ఈ ముక్క పద్మమ్మకు ఇంతవరకూ చెప్పలేదు.

అప్పుడు ముసలాయన నా చెయ్యి పట్టుకున్నాడు. చల్లగా ఉంది. నోరు నా చెవి కాడికి తెచ్చినాడు.

"అరవొద్దు... లోపల ఉండారు."

"ఎవరు?"

"మేనేజరు. ఇంకా ఇద్దరు. యేసేపును కొడతాండారు."

లోపలి నుంచి శబ్దం. ధన్... ధన్... ధన్...

యేసేపు! మా ఏసమ్మ మొగుడు! బొంబాయికి పోలేదు — లోపల ఉండాడు, ఇప్పుడు, ఈ రాత్రి, ఇంకా ప్రాణంతో!

బండి డబ్బీలో ప్లగ్గు స్పానరు ఉంది. జానెడు పొడవు. అది తీసుకున్నాను. తీసేలోపలే అది రెండుసార్లు కిందపడింది. ఇన్నేండ్లు వినిందంతా ఈ పూట కోసమే అనుకున్నాను. లోపలికి అడుగేసినాను.

ముసలాయన చొక్కా పట్టి లాగినాడు.

"పోవద్దు. నేను పోలేదు... నువ్వు గూడ పోవద్దు. చంపేస్తారు."

ఆయన ఏడుస్తాండాడు. దెయ్యాలు ఏడుస్తాయని నాకెవరూ చెప్పలేదు.

విడిపించుకొని ఉరికినాను. నిజం చెప్పాలంటే ఉరకలేదు. ఒక్కో అడుగే వేసుకుంటా పోయినాను. ధన్... ధన్... దగ్గరైంది. గోడ మలుపు తిరిగినాను. స్పానరు ఎత్తినాను. గట్టిగా అరిచినాను — "వదలండ్రా!"

ఎవరూ లేరు. దూలానికి మిగిలిపోయిన ఒక రేకు గాలికి కొట్టుకుంటాంది. దాన్ని నేను "వదలండ్రా" అన్నాను.

వెనకనే లాంతరు వచ్చింది. ముసలాయన నన్ను దాటుకొని, ఏమీ పట్టనట్టు, ఆవరణ మూలకు పోయినాడు. ఒకప్పుడు పత్తి బండ్లు తూకమేసిన కాటా ఉండేది ఆడ. ఇప్పుడు చదరంగా సిమెంటు గచ్చు, చుట్టూ కంప. గచ్చు పక్కన బక్కెట్టు. దాంట్లో నీళ్ళు. ముసలాయన వంగి దోసిలితో నీళ్ళు తీసి గచ్చు మీద చల్లుతాండాడు. మెల్లగా. అంతా తడిసేటట్టు.

"ఏం చేస్తాండావప్పా?" అన్నాను.

"నీళ్ళు కొట్టకపోతే సిమెంటు బీటలిస్తుంది. బీటలిస్తే అందరికీ తెలుస్తుంది అన్నాడు మేనేజరు. ఏడు దినాలు నన్నే కొట్టమన్నాడు." మళ్ళీ దోసిలి ముంచినాడు. "కాటా కింద గుంతలో పెట్టినారు. నేను చూస్తాండంగానే. కాలు కదిలిందప్పా... నేను చూసినా. కాలు కదిలింది."

ఆ మాటతో నా చేతిలో స్పానరు జారిపోయింది. తీసుకోలేదు.

సరిగ్గా అప్పుడే ముసలాయన రొమ్ములో నుంచి వెలుతురు వచ్చింది. నీలం వెలుతురు. దాంతోపాటు పాట. దేవుని పాట, గట్టిగా.

నేను కంపలో పడినాను. ఎట్ల పడినానో తెలియదు. వీపంతా ముండ్లు. పాట ఆగింది. మళ్ళీ మొదలైంది. అప్పటికి గానీ నా బుర్రకు ఎక్కలేదు — అది సెల్లు ఫోను. కోటు లోపల తాడుతో మెడకు కట్టి ఉంది.

తొంభై ఆరులో ఎమ్మిగనూరు దావలో సెల్లు ఫోను యాడిది?

ముసలాయనకు దాన్నేం చేయాలో తెలియదు. రొమ్ము మీద ఈగ వాలినట్టు తోసుకుంటాండాడు. నేను పాక్కుంటా పోయి ఎత్తినాను.

"మామా! యాడుండావు మామా?" ఆడమనిషి గొంతు. నేను "హలో" అనేసరికి ఆమె గొంతు మారింది. "ఎవరన్నా మీరు? మా మామకు మతిమరుపన్నా. పెద్దాయన. దండం పెడతా, ఏమీ అనొద్దన్నా."

నేనా? ఆయన్ని? మిల్లు కాడ ఉండాడని, ఏమీ అననని చెప్పినాను.

పావుగంటలో ఆమె, ఆమె మొగుడు బండి మీద వచ్చినారు. ఆమె పేరు మల్లేశ్వరి. మొగుడు దేవరాజు, ముసలాయన కొడుకు. పక్కనున్న పల్లెనే. ముసలాయన పేరు లక్ష్మప్ప. మిల్లు మూసేదాకా ఆడ రాత్రి వాచ్‌మన్. మూడేండ్లుగా మతి తప్పింది. పగలంతా మంచం మీద కూచుంటాడు. రాత్రయితే డ్యూటీ గుర్తుకొస్తుంది. తలుపుకు గొళ్ళెం పెట్టినా ఎట్లనో తీసుకొని వస్తాడు. దావలో ఎవరు పోయినా టైము అడుగుతాడు, షిఫ్టు మారాల గదా.

"మూడేండ్లేనా?" అన్నాను. "టైము అడిగే దెయ్యం కత నేను అంతకు ముందు నుంచే వింటాండానే."

మల్లేశ్వరి మొగునివైపు చూసింది. దేవరాజు తల వంచుకున్నాడు. "మతి బాగున్నప్పుడు గూడ అప్పుడప్పుడు వచ్చేవాడన్నా. ఎందుకో ఎవరికీ చెప్పేవాడు కాదు."

నేను గచ్చు వైపు చూసినాను. ఇంకా తడిగా ఉంది.

"కాటా కింద యేసేపు ఉండాడంటాండాడు మీ నాయన" అన్నాను.

దేవరాజు దగ్గరికి వచ్చి, గుసగుసగా — "మతి లేని మనిషి మాటలన్నా. నువ్వేమన్నా స్టేషన్లో చెప్తే, ఈ వయసులో జైలుకు తీసకపోతారు. నీకు పుణ్యముంటుంది, ఈడే మర్చిపో."

తన బండిలో నుంచి అర లీటరు పెట్రోలు తీసి నా బండిలో పోసినాడు. ఇంటికి వచ్చేసినాను.

వీపులో ముండ్లు పద్మమ్మ పిన్నీసుతో తీసింది. "దెయ్యం నేసిందా రెండు గజాలు?" అనింది. పొరపాటున కంపలో పడినానని చెప్పి ఊరుకున్నాను.

తొమ్మిది దినాలు నోరు తెరవలేదు. పొద్దున్నే ఏసమ్మ వస్తుంది. మూలన కూచొని రాట్నం తిప్పుతుంది. "శంకరప్పా, ఈ మధ్య కతలు వినడంలేదే?" అని అడుగుతుంది. నేను మగ్గం గుంతలో తల దించుకొని నేస్తా ఉంటాను. దెయ్యానికి భయపడినోన్ని, ఆ ముసలామె మొగం చూడడానికి అంతకు పదింతలు భయపడినాను. ఆ తొమ్మిది దినాల్లో నేసిన చీరలో ఎన్ని తప్పులు పడినాయంటే, కొనేవాళ్ళు కొత్త డిజైను అనుకున్నారు.

ఒక పక్క ఏసమ్మ. ఇంకో పక్క ఏడుస్తా నా చొక్కా పట్టుకున్న ఆ ముసలాయన. ఆయన ఆ రాత్రి భయపడి పోలేదు, ఇరవై ఎనిమిదేండ్లు నోరు మూసుకున్నాడు. నేను? నన్నెవరు చంపుతామని బెదిరించినారు?

పదో దినం రాత్రి పద్మమ్మ అన్నం ముందర పెట్టి కూచుంది. "ఏమైందో చెప్పు. చెప్పకపోతే తినొద్దు" అనింది. చెప్పినాను. ఆ ఒక్క నిమిషం సంతోషం వదిలేసి అన్నీ చెప్పినాను. రేకును బెదిరించిన కాడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"కాలు కదిలిందన్నాడా?" అని మాత్రం అడిగింది. తర్వాత లేచింది. "పా. ఇప్పుడే పోదాం ఏసమ్మ ఇంటికి. నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

నేనే చెప్పినాను. అంజలి తల్లి పక్కన కూచొని వినింది. ఏసమ్మ గోడకు ఆనుకొని, రెండు చేతులూ ఒడిలో పెట్టుకొని వినింది. కాలు సంగతి నేను చెప్పలేదు.

అంతా అయినాక ఏసమ్మ అనింది — "బొంబాయికి పోలేదా, అయితే?"

"లేదక్కా."

"ఆ మిల్లు ముందర బస్సు పోయినప్పుడల్లా కిటికీలో నుంచి ఊసేదాన్ని, శంకరప్పా." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఆయన పారిపోయిన జాగా అని. ఇన్నేండ్లూ... ప్రతిసారీ ఊసినానే."

అప్పుడు అంజలి తల్లిని పట్టుకుంది. పద్మమ్మ నా చెయ్యి పట్టుకొని బయటికి తీసుకొచ్చింది.

స్టేషన్లో ఎంత నవ్వినారో చెప్పడం మొదలుపెడితే తెల్లారుతుంది. "ఎవరు చెప్పినారు? మతి లేనాయనా? ఎప్పుడు? రాత్రా? నువ్వు ఏ సంవత్సరంలో ఉంటివి అప్పుడు?" నేను నిజమే చెప్పినాను. మళ్ళీ నవ్వినారు. అంజలి మాత్రం నవ్వలేదు, కదల్లేదు. నాలుగు సార్లు పోయింది, పై ఆఫీసర్లకు రాసింది. నెలన్నరకు జేసీబీ వచ్చింది.

గచ్చు పగిలింది. గుంతలో ఎముకలు బయటపడినాయి. పరీక్ష చేస్తే అంజలి రక్తంతో సరిపోయినాయి. మేనేజరు ఎప్పుడో చచ్చినాడు. మిగిలిన ఇద్దరిలో ఒకడు హోస్పేటలో దొరికినాడు, మనవడి పేరు పెట్టే పండగలో. లక్ష్మప్పను డాక్టర్లు చూసి, ఈయన్ని ఏ కోర్టు ముందరా నిలబెట్టలేమని రాసినారు. దేవరాజుకు నేను ఇప్పటికీ ఎదురుపడలేను. అతనూ నాకు ఎదురుపడడు.

అంత్యక్రియలు చేసిన మూడో దినం ఏసమ్మ మా ఇంటికి వచ్చింది. కండెల కోసం కాదు. "నన్ను ఆ వాచ్‌మన్ కాడికి తీసకపో" అనింది.

"ఎందుకక్కా?"

"ఒకసారి చెప్పుతో కొట్టాల. ఇరవై ఎనిమిదేండ్లు నోరు తెరవలేదే వాడు. నా బిడ్డను లేచిపోయినోని కూతురన్నారే."

వద్దని చెప్పే మొగం నాకు లేదు. పద్మమ్మా వచ్చింది, అంజలీ వచ్చింది. పగటి పూటనే పోయినాం, మీరు అడగకముందే చెప్తాండాను.

లక్ష్మప్ప ఇంటి ముందర వేపచెట్టు కింద మంచం మీద కూచున్నాడు. ఎండలో చూస్తే చిన్నపిల్లోని మాదిరి ఉండాడు. మల్లేశ్వరి మమ్మల్ని చూసి లోపలికి పోయింది, నీళ్ళ చెంబుతో బయటికి వచ్చింది, ఎవరికివ్వాలో తెలియక పట్టుకొని నిలబడింది.

ఏసమ్మ నేరుగా మంచం ముందరికి పోయింది. చేతిలో చెప్పు ఉంది.

"నేనెవరో తెలుసునా?"

లక్ష్మప్ప తలెత్తినాడు. కండ్లు చిన్నవి చేసి చూసినాడు. తర్వాత మొగమంతా విప్పారింది. పోల్చుకున్నాడు!

"యేసేపు పెండ్లామువు గదా నువ్వు! ఇంత దూరం నడిచి వచ్చినావా తల్లీ? పాప బాగుండాదా?" అన్నాడు. "ఇప్పుడేనమ్మా పోయినాడు. డ్యూటీ దిగి, సైకిలెక్కి ఇప్పుడే ఇంటికి పోయినాడు. దావలో కనపడలేదా?"

చెప్పు పట్టుకున్న చెయ్యి అట్లనే ఉంది.

"ఎంతసేపైంది?" అనింది ఏసమ్మ.

"ఇప్పుడే. అదో... ఆ మలుపు కూడా తిరిగి ఉండడు."

ఏసమ్మ తిరిగి దావ వైపు చూసింది. అంజలి చూసింది. పద్మమ్మ చూసింది. దెయ్యాల్లేవని వీధి మొత్తానికీ చెప్పినోన్ని, ఆ ఎముకలు గుంతలో నుంచి తీస్తాంటే పక్కన నిలబడి చూసినోన్ని — నేనూ చూసినాను.